మూడో ఛానల్‌లో ఈల

2016 ఆగస్టు 21, ఆదివారం

మా క్లబ్బు కార్యదర్శి చక్రధరరావుగారికి గిటార్ యాంప్లిఫయర్ అంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, తెలియదని ఒప్పుకుని ఊరుకోవాలి. ఆయన ఊరుకోరు. ఈ రోజు మీటింగులో, "రెండింట్లో ఏది గట్టిగా మోగితే అది ఉంచుకుందాం, నారాయణగారూ" అన్నారు. గనుల్లో అంత పెద్ద హోదా, నోరు తెరిస్తే ఇదీ వరస. నేను మర్యాద కొద్దీ ఏమీ అనలేదు. అంటే, ఓ అరగంట మాత్రమే మాట్లాడాను.

పాత యాంప్ శ్రీరామనవమి ప్రోగ్రాం మధ్యలో పొగ వదిలి చచ్చిపోయింది. సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. గని వాళ్లకి అంతకన్నా పెద్ద పండగ లేదు. పగలు మిషన్లకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు, సాయంత్రం మా బచేలి ఊరంతా గ్రౌండుకి చేరుతుంది. ఆ గ్రౌండుకి చిన్న యాంప్ ఆనదు. వాల్వులది, అదీ వంద వాట్లది కావాలని ఏళ్ల తరబడి వీళ్ల చెవినిల్లు కట్టుకుని పోరాను. ఇప్పటికి కదిలారు. విశాఖపట్నంలో మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ల యాంప్ రైల్లో వస్తోంది. రాయ్‌పూర్ దుకాణం వాళ్లది గీదం మీదుగా లారీలో వస్తోంది. రెండూ వంద వాట్లవే, రెండూ మూడు ఛానళ్లవే. వాయించి చూసి ఒకటి ఉంచుకుని రెండోది తిప్పి పంపుతారట.

ఎవరు తేలుస్తారు? కమిటీ తేలుస్తుందట. ఈ ఆర్కెస్ట్రాలో మొదటి నుంచీ లీడ్ గిటార్ వాయిస్తున్నవాడిని నేను. క్రషర్‌లో రాయి ఎక్కువ పడుతోందో తక్కువ పడుతోందో ప్యానెల్ చూడకుండా చెవితో చెప్పేవాడిని నేను. ఆ చెవి ఒక్కటి చాలదా వీళ్లకి?

వానలు బాగానే పడుతున్నాయి. కొండవైపు కీచురాళ్లు మాత్రం ఈ ఏడు బొత్తిగా లేవు. కమిటీలు తప్ప అన్నీ తగ్గిపోతున్నాయి.

ఆగస్టు 24, బుధవారం

విశాఖ యాంప్ వచ్చింది. స్టేషన్ నుంచి జీపులో నేనే తెచ్చాను, దారిలో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వెనకవైపు గాజు బుడ్లలాంటి నాలుగు పెద్ద వాల్వులు, వాటి ముందు వరసలో చిన్నవి. ఒక స్విచ్ వేసి, అవి ఎర్రబడి వేడెక్కేదాకా ఆగి, అప్పుడు రెండో స్విచ్ వేయాలి. మా బేస్ గిటార్ వాయించే సీతారాములు, కుంట వైపు మనిషి, వర్క్‌షాపులో ఫిట్టరు, పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఏందన్నా, పాలు పొంగేదాక ఆగినట్టు ఆగుతున్నవ్?" అన్నాడు.

ఆగాలి మరి. ఆగినదానికి ఫలితం ఉంది. మొదటి ఛానల్ శుభ్రంగా, గిటార్ ఎలా ఉందో అలాగే పలుకుతుంది. రెండోది కాస్త గరుకు, పాటల వెనక కొట్టడానికి. మూడోది లీడ్. తీగ మీద వేలు పెడితే చాలు, స్వరం ఆగకుండా సాగుతుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఏ ఛానల్ నాబులు ఆ ఛానల్‌కే ఉన్నాయి. ఒకదాన్ని సరిచేసుకుంటే ఇంకోటి చెడదు.

సన్న స్వరాలని పెంచే ట్రెబుల్ నాబు ఆఖరిదాకా తిప్పితే గానీ ఇది అసలు గొంతు విప్పడం లేదు. తిప్పాను. అప్పుడు ఎంత తీయగా ఉందో రాయలేను. సీతారాములు మధ్యలో లేచి బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళ్లాడు. వాడికి సంగీతం కన్నా బీడీ ముఖ్యం.

ఆగస్టు 26, శుక్రవారం

రాయ్‌పూర్ సరుకు దిగింది. పెట్టె తళతళలాడుతోంది, ముందువైపు నీలం లైటు కూడా ఉంది. ఆ లైటు చూసే చక్రధరరావుగారు సగం పడిపోయారు.

తిట్టాలని తిట్టడం లేదు, న్యాయంగా పోల్చి రాస్తున్నాను. దిగువ స్వరాలు దీనిలో బలంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. మొదటి ఛానల్ విశాఖదానికన్నా ఒక పిసరు శుభ్రం, అదీ ఒప్పుకుంటాను. కానీ రెండో ఛానల్‌కీ మూడో ఛానల్‌కీ కలిపి ఒకే వరస నాబులు. రెండోదాన్ని బాగుచేస్తే మూడోది పాడవుతుంది, మూడోదాన్ని బాగుచేస్తే రెండోది. ఒకే గిన్నెలో పప్పూ పాయసమూ వండుకోమన్నట్టుంది. పైగా లీడ్‌లో మెరుపు లేదు, కంబళి కప్పుకుని పాడినట్టు ఉంది.

"మెరుపు ఉంది, దాదా" అంది ముయె. ముయెది భేజ్జి ఊరు. కంపెనీ ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగం, మా దగ్గర రిథమ్ గిటార్. ఆమెకి గిటార్ పట్టుకోవడం నేర్పింది నేను. మొదట్లో వేళ్లు నొప్పెడుతున్నాయని ఏడుపు ముఖం పెట్టేది. ఆ ముయె ఇప్పుడు మెరుపు ఎక్కడుందో నాకు చెబుతోంది.

ఆగస్టు 28, ఆదివారం

ఎంత పన్నాగం.

క్లబ్బు హాల్లో కమిటీ మొత్తం కుర్చీలేసుకుని కూర్చుంది. వెనక వరసలో క్వార్టర్ల ఆడవాళ్లు, మా ఆవిడ పైడితల్లి కూడా. ముందు రాయ్‌పూర్‌ది వాయించాను. అది ఎంతో అంతే. తర్వాత విశాఖది. మొదటి ఛానల్, రెండో ఛానల్ బుద్ధిగా విన్నారు. కాలితో మూడో ఛానల్ నొక్కి, వాయించే ముందు తీగల మీద అరచెయ్యి ఆనించి ఆగాను. అలా ఆగడం నా పద్ధతి, జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఈ రోజు ఊపిరి బిగబట్టలేదు, చెవులు మూసుకున్నారు.

"ఏందన్నా అది, సన్నగ ఈల లెక్క?" అన్నాడు సీతారాములు.

"ఏ ఈల?"

"అదే. ఇప్పుడు కూడ వస్తున్నది."

విన్నాను. ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. ఫ్యాను చప్పుడు ఉంది, ఎవరిదో దగ్గు ఉంది, ఈల లేదు. చక్రధరరావుగారైతే రెండు చెవుల్లోనూ వేళ్లు దూర్చుకుని, "ఆపండి నారాయణగారూ, పళ్లు జివ్వుమంటున్నాయి" అన్నారు. నేను ఇంకా వాయించనే లేదు. తీగలు నా అరచేతి కింద ఉన్నాయి. వాయించని పాటకి పళ్లు జివ్వుమన్నాయట.

ముయె దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా ఏదో అంది. నాకూ సరిగా వినపడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను. "దాదా, నీకు వినొస్తలేదా?" అని అడుగుతోంది.

హాలు నిండా ఉన్న జనం ఒకే మాట మీద నిలబడ్డారంటే ముందే అనుకుని వచ్చారన్నమాట. నీలం లైటు ఎంతమందిని కొనేసిందో ఇప్పుడు తెలిసింది. పైడితల్లి కూడా తల తిప్పుకుంది.

ఆగస్టు 29

ఈల లేదు.

ఆగస్టు 31, బుధవారం

ఆసుపత్రిలో చెవి పరీక్ష. క్రషర్ మీద పనిచేసేవాళ్లకి ఏటేటా ఉండేదే. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో బటన్ పెడతారు. శబ్దం వినగానే నొక్కాలి. నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అద్దం అవతల ముయె భుజం కొంచెం కదులుతుంది, అప్పుడు నొక్కుతాను. శ్రద్ధ ఉన్నవాడు చెవులతో పాటు కళ్లు కూడా వాడతాడు, అందులో తప్పేముంది?

ఈ రోజు కుర్చీ గోడవైపు తిప్పి ఉంది.

"ఇదేమిటి?"

"ఇప్పుడు అందరికీ ఇట్లనే, దాదా."

గోడకి ముఖం పెట్టి కూర్చోవడం బళ్లో అల్లరి పిల్లలకి వేసే శిక్ష. ఇంత వయసొచ్చాక, ఇంత సర్వీసు చేశాక, నేను నేర్పిన మనిషి నాకు వేసింది. గోడకి ఒక మేకు ఉంది. దాని వంక చూస్తూ అంచనా మీద నొక్కాను. బయటికొచ్చాక ముయె కాగితం మీద ఏదో గీత చూపించబోయింది.

"దాదా, పైన సన్నటి సప్పుళ్లు ఉన్నయి చూడు, అవి..."

"తర్వాత చూస్తాలే, డ్యూటీకి టైమైంది" అని వచ్చేశాను. ఈ రోజు నాకు డ్యూటీ లేదు. ఆదివారం హాల్లో ఈల, బుధవారం ఆసుపత్రిలో సన్నటి సప్పుళ్లు. రెండు చోట్లా ముయె ఉంది. దీని వెనక ఎవరున్నారో అర్థం చేసుకోలేనంత వెర్రివాడిని కాను.

సెప్టెంబరు 2, శుక్రవారం

క్రషర్ మీద ఉన్నంతసేపూ ప్రాణానికి హాయిగా ఉంది. అక్కడ నా మాటకి ఎదురు లేదు. చెవులకి పెట్టుకోమని మఫ్‌లు ఇచ్చారు, పెట్టుకోకపోతే సూపర్‌వైజరు గొణుగుతాడు. నేను మెడకి తగిలించుకుంటాను, మా బ్యాచ్ వాళ్లందరం అంతే. చెవులు మూసుకుంటే మిషన్ మాట ఎలా తెలుస్తుంది? గొంతులో రాయి అడ్డం పడే ముందు అది ఒక రకంగా మూలుగుతుంది. ఆ మూలుగు పట్టుకోవడానికే ఇన్నేళ్లూ చెవులు తెరుచుకుని నిలబడ్డాను. ఈ రోజు కూడా కుర్రవాళ్లెవరూ పట్టుకోలేదు, నేనే బెల్టు ఆపించాను. ఇలాంటి చెవులకి ఈల వినపడదని అంటారా?

సాయంత్రం కమిటీ మళ్లీ కూర్చుంది. రాయ్‌పూర్‌దే ఉంచుతామన్నారు. అప్పుడు ముయె లేచింది.

"విశాఖదే మంచిది, సార్. చిన్న వాల్వ్ ఒకటి పాడయినట్టుంది, రైల్ల అదిరి ఉంటది. అది మారిస్తే ఈల పోతది. నారాయణ దాదా దగ్గర వేరే వాల్వులున్నయి."

"మారుస్తారా?" అన్నారు చక్రధరరావుగారు.

"లేని జబ్బుకి నేను మందు వేయను" అన్నాను. నాకే నచ్చింది ఆ మాట. ఆ ఊపులో ఇంకోటి కూడా అన్నాను. విశాఖ యాంప్ లేకపోతే విశ్వకర్మ పూజకి నేను లీడ్ వాయించనని చెప్పాను. బతిమాలతారనుకున్నాను.

"పోనీ, ఈసారికి ముయె వాయిస్తుంది లెండి" అన్నారు ఆయన, టీ తెప్పించమన్నంత తేలిగ్గా.

ముయె తల దించుకుంది. వాయించనని మాత్రం అనలేదు. పదో తారీఖు దాకా గడువిచ్చారు. అప్పటికి విశాఖ యాంప్ ఈల లేకుండా మోగితే సరి, లేకపోతే వెనక్కి రైలెక్కిస్తారు. దాంతోపాటు నా లీడ్ కూడా పోతుంది. ఈ ఊళ్లో ఉత్త నారాయణ అంటే ఎవరికీ తెలియదు, లీడ్ గిటార్ నారాయణ అంటేనే తెలుసు.

సెప్టెంబరు 4, ఆదివారం

వీళ్లందరి నోళ్లు మూయించడానికి సాక్ష్యం కావాలి. మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంటుందని చౌకీదారు దగ్గర తాళం తీసుకుని వెళ్లాను. గిటార్ శ్రుతి చేసుకోవడానికి నా ఫోన్‌లో ట్యూనర్ ఉంది. ఏ స్వరం దాని చెవిన పడితే ఆ స్వరం అక్షరం తెర మీద చూపిస్తుంది, ఏమీ లేకపోతే తెర ఖాళీగా ఉంటుంది. దానికి నీలం లైటంటే మోజు లేదు, కమిటీలో సభ్యత్వమూ లేదు.

ఫ్యాను ఆపాను. కిటికీలు మూశాను. మూడో ఛానల్ పెట్టి, గిటార్ గొంతు పూర్తిగా తగ్గించి కుర్చీలో పడుకోబెట్టి, ఫోన్ తీసుకెళ్లి స్పీకర్ ముందు పెట్టాను.

తెర మీద సి అక్షరం వెలిగింది.

వెలిగి, అలాగే ఉండిపోయింది. నాకు ఏమీ వినపడలేదు. యాంప్ వాల్యూమ్ తగ్గించాను, అక్షరం పోయింది. పెంచాను, వచ్చింది. మళ్లీ తగ్గించాను, మళ్లీ పోయింది. నా ముందు హాలంతా నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దంలోంచి ఒక అక్షరం నేను పిలిచినప్పుడల్లా వస్తోంది, పొమ్మన్నప్పుడల్లా పోతోంది. చాలాసార్లు చేశాను. స్పీకర్ గుడ్డకి చెవి ఆనించి చూశాను. కుడి చెవి, తర్వాత ఎడమ చెవి.

చౌకీదారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెవులు రెండూ మూసుకుని ఉన్నాడు. "క్యా కర్ రహే హో సాబ్, కాన్ ఫట్ జాయేగా" అన్నాడు, చెవులు పగిలిపోతాయట. అతను పోయిన ఆదివారం హాల్లో లేడు. అతనితో ఎవరూ ముందుగా మాట్లాడి ఉండరు.

ఫోన్ పాతది. దాని మైకు మొదటి నుంచీ బాగుండదు.

సెప్టెంబరు 5

వినాయక చవితి. ఉండ్రాళ్లు తిన్నాను. ఏమీ రాయాలని లేదు.

సెప్టెంబరు 6, మంగళవారం

పైడితల్లి కూర తరుగుతుంటే పక్కన కూర్చుని, ఏదో మాటల్లో మాటగా అడిగాను. "ఆ రోజు హాల్లో నీకూ ఈల వినపడిందా?"

"ఆఁ."

"మరి చెప్పలేదే?"

"మీరు నేదన్నారు గదా. మళ్లీ నానేటి సెప్పేది?"

అక్కడితో ఆపితే బాగుండేది. నేనే తవ్వుకున్నాను. అసలు నా వాయింపు ఎలా ఉంటుందని అడిగాను. పైడితల్లి కత్తిపీట పక్కకి జరిపి, లోపలికి వెళ్లి, ప్రోగ్రాములకి తీసుకెళ్లే చేతిసంచి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మంచినీళ్ల సీసా, విసనకర్ర, దూది ఉన్నాయి.

"దూదెందుకు?"

"సెవుల్లోకి. నాకూ, పక్కింటి బుల్లమ్మొదినకీ. పక్కన కూకున్నోళ్లు అడిగితే ఆలకీ."

"ఎప్పటి నుంచి?"

"రెండు మూడేళ్లవుతాదేటో. మీరు ఆ బొత్తాం ఆకరిదాకా తిప్పడం మొదలెట్టిన కాడ్నించీ."

నా ఒళ్లు భగ్గుమంది. నా పెళ్లాం, నా ఇరుగుపొరుగు, మా లైన్లో సగం మంది, నా పాటకి చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుని, అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఇన్ని ప్రోగ్రాములు. ప్రతిసారీ ఇంటికొచ్చి ఈ డైరీలో బ్రహ్మాండంగా జరిగిందని రాసుకున్నాను. ఒక్కరంటే ఒక్కరికి నోరు రాలేదు. మోసం అనక దీన్ని ఏమంటారు?

"చెబితే నేనేం కొరుక్కుతింటానా?"

"సెప్తే మానేస్తారని."

"నేనెందుకు మానేస్తాను?"

"మీ సంగతి నాకు తెల్దేటి? మానేసి ఇంట్లో కూకుంటే మిమ్మల్ని ఎవులు పడతారు?"

భోజనం చేయలేదు. అంటే, కొంచెమే చేశాను.

సెప్టెంబరు 8

నా చెవులు సరిగా లేవు.

రాసి చూద్దామని రాశాను. ఇంకు పోలేదు, కాగితం చిరగలేదు. అయినా ఒళ్లు మండుతూనే ఉంది.

సెప్టెంబరు 10, శనివారం

ముయెని హాలుకి రమ్మన్నాను. "వాల్వ్ మారుస్తున్నాను, నువ్వు వినాలి" అన్నాను. ఎందుకు వినాలో చెప్పలేదు. ఆమె అడగలేదు. అడగనందుకు కూడా కోపం వచ్చింది, జాలిపడుతోందేమోనని.

వెనక పలక విప్పాను. చిన్న వాల్వులని ఒక్కొక్కటే పెన్సిల్‌తో తట్టాలి, పాడైనదాన్ని తడితే స్పీకర్లో గంట కొట్టినట్టు మోగుతుంది. ఎప్పుడూ ఎవరో తడితే నేను వినేవాడిని. ఈ రోజు నేను తట్టాను, ఆమె విన్నది.

"ఇదా?"

"కాదు."

"ఇది?"

"కాదు, దాదా."

మూడోదాన్ని తట్టగానే ఆమె ముఖం చిట్లించుకుంది. అడగాల్సిన పని లేకపోయింది. ఆపి, చల్లారనిచ్చి, దాన్ని తీసి కొత్తది పెట్టాను. మళ్లీ వేడెక్కేదాకా ఆగాను. మూడో ఛానల్ నొక్కాను.

"ఇప్పుడు?"

"పోయింది."

నాకు ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆమె ముఖం మాత్రం తేటపడింది. అది చూసి నమ్మాల్సి వచ్చింది.

ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, ముయె మీదే కక్కాను. "నా పరీక్ష సంగతి కమిటీకి చేరవేసింది నువ్వే కదూ?"

"చెప్పలే."

"మరి వాళ్లకెలా తెలిసింది?"

"వాళ్లకేం తెల్వదు, దాదా. నీకు కోపం ఎక్కువనే అనుకుంటున్నరు. ఆసుపత్రి సంగతి బయట చెప్తే నా నౌకరీ పోతది. పోకపోయినా చెప్పను."

"కుర్చీ ఎందుకు తిప్పావు?"

ముయె గిటార్ తీగ తుడుస్తూ చెప్పింది. "నువ్వు నా బుజం చూసి నొక్కుతున్నవని పోయినేడు తెల్సింది. పెద్దోనివని ఊకున్న. ఈ ఏడు గూడ ఊకుంటే ఉన్నవి కూడ పోతయి. మఫ్‌లు పెట్టుకో. పోయినవి రావు, ఉన్నవన్నా ఉంటయి."

పోయినవి రావు అనే మాట ఎంత మామూలుగా అందో. ఆసుపత్రిలో రోజూ అనే మాట కాబోలు.

ట్రెబుల్ ఎంత పెట్టాలని అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. నేను అడగవలసి వచ్చిన మాటల్లో ఇంత బరువైనది ఇంకోటి లేదు. ముయె నాబుని సగం కన్నా కిందికి తిప్పింది. సంచిలోంచి గోళ్ల రంగు సీసా తీసి, నాబు ఎక్కడ ఆగిందో అక్కడ చుక్క పెట్టింది. మూడు ఛానళ్లకీ అలాగే పెట్టింది.

"చుక్కలు దాటి తిప్పకు, దాదా. నీకు బాగలేదనిపించినా తిప్పకు."

వాయించాను. కంబళి కాదు, గోనెసంచి కప్పినట్టుంది. సాయంత్రం కమిటీ విన్నది. చక్రధరరావుగారు కుర్చీలో ముందుకి జరిగి, "ఇదే యాంపా ఇది? ఏం చేశారు?" అన్నారు. "వాల్వ్ మార్చాం" అన్నాను. విశాఖది ఉంచేశారు. నా లీడ్ నాకే ఉంది. గెలిచానని రాసుకోవాలి.

సెప్టెంబరు 13, మంగళవారం

మఫ్‌లు పెట్టుకున్నాను. ముయె చెప్పిందని కాదు, సూపర్‌వైజరు గొణుగుడు భరించలేక. కుర్రవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

పొద్దెక్కాక రాయి ఇరుక్కోబోయింది. మిషన్ మూలిగింది. మఫ్‌లలోంచి కూడా ఆ మూలుగు స్పష్టంగా వినపడింది. లావుపాటి శబ్దం కదా, అవి దాన్ని ఆపవు. చెవులకి తెలియకపోతే కాళ్ల కింద ప్లాట్‌ఫారం చెబుతోంది. ఇన్నేళ్లుగా ఆ మూలుగు కోసమే చెవులు తెరిచి పెట్టుకున్నాను. మఫ్‌లు పెట్టుకున్నా వినపడుతుందని ఎవరూ చెప్పరేం? ఒకవేళ చెప్పినా ఆ మిషన్ హోరులో నాకు వినపడలేదేమో.

సెప్టెంబరు 15

రిహార్సల్. నా చెయ్యి రెండుసార్లు నాబు మీదికి వెళ్లింది. రెండుసార్లూ ముయె చూసింది. నాకు వినపడేలా వాయించుకునే హక్కు కూడా నాకు లేదు.

సీతారాములు మాత్రం ఈ రోజు బీడీకి లేవలేదు.

సెప్టెంబరు 18, ఆదివారం

నిన్న ప్రోగ్రాం అయింది. గ్రౌండు నిండిపోయింది. కిరండూల్ నుంచి కూడా వచ్చారు. అధికారులు సోఫాల్లో, మిగతావాళ్లు కుర్చీల్లో, కుర్చీలు దొరకనివాళ్లు డంపర్ల టైర్ల మీద కూర్చున్నారు. వంద వాట్లూ విప్పి వాయించాను. పాట పాటకీ చప్పట్లు కొడుతున్నారు, నాకు మాత్రం నా గిటార్ ఎక్కడో గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉంది. నాబులు అలాగే, చుక్కల దగ్గరే ఉంచాను. వేళ్లు ఎక్కడ పడాలో వేళ్లకి తెలుసు గనక సరిపోయింది. వినకుండా వాయించడం ఎంత అవమానమో వాయించేవాడికే తెలుస్తుంది.

ఆఖరున నా సొంత బాణీ. అందరూ ఆపేస్తారు, నేనొక్కడినే మూడో ఛానల్‌లో వాయించాలి. చివరి స్వరం గిటార్ మెడకి కింది కొసన, సన్న తీగ మీద. తీగ వంచి పట్టుకుని యాంప్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. స్వరం సాగింది, తగ్గింది, ఆగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వేలు తీయకుండా అలాగే నిలబడ్డాను. ఒక్కళ్లు కూడా కదలలేదు. చక్రధరరావుగారు నోరు తెరుచుకుని పైన లైట్ల వంక చూస్తున్నారు. టైర్ల మీద వాళ్లు కూడా పైకే చూస్తున్నారు. ముయె కళ్లు మూసుకుని ఉంది. వేలి కింద తీగ వణుకుతోంది, కోపంతో నా చెయ్యే వణుకుతోందనుకున్నాను. ఇన్నేళ్లు వాయిస్తే ఆఖరికి మీరిచ్చే మర్యాద ఇదా అనుకుని తీగ మీంచి వేలు లాగేశాను. అప్పుడు కొట్టారు. లేచి నిలబడి కొట్టారు, ఈలలు వేశారు. మొహమాటం గుర్తొచ్చి కొడుతున్నారనిపించింది. నేను దండం కూడా పెట్టకుండా దిగిపోయాను.

పొద్దున్న లేచినా ఆ మంట చల్లారలేదు. పైడితల్లి కాఫీ ఇస్తుంటే అడిగేశాను. "పాట అయిపోయాక అంతసేపు దిష్టిబొమ్మల్లా కూర్చున్నారేం అందరూ?"

"అవ్వకండా ఎలాగ కొడతారండీ?"

"అయిపోయింది కదా."

"అవ్వనేదు" అంది. నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టింది. "ఆ ఆకర్ది ఉంది సూడండి, అది తగ్గినట్టే తగ్గింది. తగ్గి, సన్నగా అయిపోయి, పైకి లెగిసింది. ఈలలాగ కాదు. సెవికి సల్లగా ఉంది. పైకెళ్లి, ఇంకా పైకెళ్లింది. మీరు ఏలు తీసినాక ఆగింది. మీరే గదా అలాగ సేసేరు?"

నేనే. తీగ పట్టుకుని యాంప్ ముందు నిలబడితే, దాని గాలికి తీగ మళ్లీ మోగి, స్వరం దానంతట అది పట్టుకుని పైమెట్టుకి ఎక్కుతుంది. చిన్న యాంప్‌లకి అంత ఊపిరి ఉండదు. వాల్వులది, వంద వాట్లది కావాలని ఇన్నేళ్లు వీళ్లందరి ప్రాణం తీసింది దానికోసమే. ఎవరైనా ఎందుకని అడిగితే, ఒక్కసారి వింటే మీకే తెలుస్తుందని చెప్పేవాడిని. కమిటీ విన్నది. చౌకీదారు విన్నాడు. నీలం లైటు మనిషి చక్రధరరావుగారు కూడా నోరు తెరుచుకుని విన్నారు. ఆ స్వరాన్ని మధ్యలో తెంపిందీ నేనే, వాళ్ల మీద కోపంతో.

"ఎంత పైకి వెళ్లింది?" అన్నాను.

"సాలా పైకండీ."

"పాడి చూపించు."

పైడితల్లి నా ముందు ఎప్పుడూ పాడదు. గొంతు సవరించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ ఆఖరి స్వరం అందుకుంది. తగ్గించింది. అక్కడి నుంచి మెల్లగా పైకి ఎక్కసాగింది. నేను ఆమె నోటి వంకే చూస్తూ వింటున్నాను. కొంతదూరం వెళ్లి ఆగిపోయింది.

"ఇంకా ఉందా?" అన్నాను.

"ఉంది. అంత పైకి నా గొంతు ఎల్లదండీ" అంది.